సన్నగా ఉన్న లాబ్రడార్ బరువు పెరగాలంటే ఎలాంటి డ్రై ఫుడ్ కొనాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. రెండేళ్ల మగ లాబ్రడార్, పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించలేదు, బరువు 24 కిలోలు. పక్కటెముకలు, తుంటి ఎముకలు దూరం నుంచే కనిపిస్తున్నాయి. పొద్దున, రాత్రి కలిపి మూడు గ్లాసుల డ్రై ఫుడ్ పెడుతున్నారు, మధ్యాహ్నం ఒక కప్పు పెరుగన్నం. పెట్టినదంతా తింటాడు, హుషారుగానే ఉంటాడు. మూడు కంపెనీలు మార్చి చూశారు, బరువు కదలలేదు. ఇప్పుడు ఏది కొనాలి, పప్పీ ఫుడ్ పెట్టవచ్చా, షాపులో చూపించిన వెయిట్ గెయినర్ పొడి వాడవచ్చా అని అడిగారు.

నేను పెంపుడు జంతువుల క్లినిక్ నడిపే పశువైద్యుణ్ణి. ఈ ప్రశ్న నా దగ్గరికి దాదాపు ప్రతి వారం వస్తుంది. సూటిగా చెబుతాను. బస్తా ముందువైపు ఉన్న పేరు చూడకండి, వెనక్కి తిప్పి కొవ్వు శాతం చూడండి. ప్రొటీన్ 26 నుంచి 30 శాతం, కొవ్వు 16 నుంచి 18 శాతం, పీచు 4 శాతంలోపు ఉన్నది ఏ కంపెనీదైనా మీవాడికి పనికొస్తుంది. ఎదిగిన కుక్కలకని ("అడల్ట్") అమ్మే రకాల్లో ఇంత కొవ్వు దొరకడం కష్టం కాబట్టి మంచి పప్పీ ఫుడ్ కొనండి. రెండేళ్ల ఆరోగ్యమైన కుక్కకు కొన్ని నెలలపాటు అది పెడితే ఏ హానీ లేదు. గెయినర్ పొడి కొనకండి. ఇవన్నీ ఒక ఎత్తు, మీ గ్లాసు ఒక ఎత్తు. మీరు రాసిన లెక్క ప్రకారం మీవాడికి తిండే చాలడం లేదు. అది ఎలా అంటున్నానో కింద లెక్క కట్టి చూపిస్తాను.

మన ఇళ్లలో వాడే మామూలు స్టీలు గ్లాసులో డ్రై ఫుడ్ ఎంత పడుతుందో తూచి చూశారా? క్లినిక్‌లో నా టేబుల్ మీద వంటింటి తూకం మిషను ఒకటి ఉంటుంది. వచ్చినవాళ్లను ఇంట్లో వాడే గ్లాసు వెంట తెమ్మంటాను. నిండా పోసి తూస్తే 90, 95, మహా అయితే 100 గ్రాములు వస్తుంది. గింజ పెద్దదైతే మధ్యలో ఖాళీలు ఎక్కువ కాబట్టి ఇంకా తగ్గుతుంది. "రోజుకు అరకిలో పెడుతున్నాం డాక్టరు గారూ" అని గట్టిగా చెప్పినవాళ్లు కూడా ఆ అంకె చూసి నిశ్శబ్దమైపోతారు. మీ మూడు గ్లాసులు 280 గ్రాములు అనుకుందాం.

ఇప్పుడు ఆ 280 గ్రాముల్లో ఎంత శక్తి ఉందో చూద్దాం. మన దగ్గర అమ్మే చాలా బస్తాల మీద కేలరీలు రాయరు. అయినా ఇబ్బంది లేదు, మనమే లెక్క కట్టుకోవచ్చు. బస్తా మీద ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలు ఉంటాయి. ఖనిజాలు, అంటే బూడిద శాతం రాయకపోతే 7 లేదా 8 అనుకోండి. వీటన్నిటినీ కూడి 100లోంచి తీసేస్తే మిగిలేది పిండిపదార్థం. ప్రొటీన్‌ను 3.5తో, పిండిపదార్థాన్ని 3.5తో, కొవ్వును 8.5తో గుణించి కలపండి. 100 గ్రాములకు వచ్చే కేలరీలు అవే.

సాధారణంగా చవకగా దొరికే రకంలో ప్రొటీన్ 20, కొవ్వు 10, పీచు 5, తేమ 12 శాతం ఉంటాయి. బూడిద 8 అనుకుంటే పిండిపదార్థం 45. లెక్క వేస్తే 100 గ్రాములకు సుమారు 312 కేలరీలు. ప్రొటీన్ 30, కొవ్వు 18, పీచు 3, తేమ 10, బూడిద 7 ఉన్న పప్పీ ఫుడ్‌కు ఇదే లెక్క వేస్తే 370 వస్తాయి. కడుపులో అంతే చోటు పట్టే తిండి, శక్తి మాత్రం ఆరో వంతుకు పైగా ఎక్కువ. తేడా అంతా కొవ్వు దగ్గరే వచ్చింది. అందుకే బరువు పెరగాల్సిన కుక్కకు తిండి ఎంచేటప్పుడు నా కన్ను ముందు ఆ గడి మీదే పడుతుంది. మీరు మార్చిన మూడు కంపెనీల బస్తాలూ ఒకసారి తిప్పి చూడండి. మూడింటిలోనూ కొవ్వు 10 శాతం దగ్గరే ఉంటే మీరు మార్చింది పేరునే, తిండిని కాదు.

ఇక మీవాడికి కావలసింది ఎంత? ఎదిగిన మగ లాబ్రడార్ సాధారణంగా 29 నుంచి 36 కిలోలు తూగుతుంది. మీవాడి ఎముక కట్టు నేను చూడలేదు కాబట్టి మొదటి గురి 28 కిలోలు పెట్టుకుందాం. ఫోనులో కాలిక్యులేటర్ తీసి 28ని 28తో, మళ్లీ 28తో గుణించండి. వచ్చినదానికి వర్గమూలం గుర్తు రెండుసార్లు నొక్కండి. 12.17 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 852. కుక్క కదలకుండా పడుకున్నా దాని ఒంటికి కావలసిన కేలరీలు ఇవి. ఆపరేషన్ అయిన ఎదిగిన కుక్కకు దీన్ని 1.6తో, కానిదానికి 1.8తో గుణిస్తాం. మీవాడికి రోజుకు సుమారు 1,530 కేలరీలు కావాలి. మీరు పెడుతున్న 280 గ్రాములు చవక రకమే అయితే 875, కప్పు పెరుగన్నం 200 అనుకున్నా మొత్తం 1,075. రోజూ 450 కేలరీలు తక్కువ పడుతున్నాయి. మీవాడు హుషారుగా ఉండి, గిన్నె నాకి నాకి ఖాళీ చేస్తున్నాడంటే ఆ లోటు ఉన్నందుకే అని నా అభిప్రాయం.

కొత్త బస్తా 370 కేలరీలదైతే రోజుకు 360 గ్రాములు, పైన పెరుగన్నం అలాగే ఉంచితే లెక్క సరిపోతుంది. పెరుగన్నం మానేస్తే 415 గ్రాములు. పెరుగన్నం వద్దని నేను అనను. మన ఇళ్లలో కుక్కలు తరతరాలుగా తిన్న తిండే అది, వేసవిలో కడుపుకు హాయిగా కూడా ఉంటుంది. కాకపోతే అందులో నీరే ఎక్కువ, 100 గ్రాములకు 100 కేలరీలు కూడా ఒక్కోసారి దాటవు. సన్నని కుక్క పొట్టను దానితో నింపేస్తే అసలు తిండికి చోటు ఉండదు. ఆ కప్పు స్థానంలో ఉడికించిన గుడ్లు రెండు పెడితే 140 కేలరీలు, 12 గ్రాముల మేలిరకం ప్రొటీన్ దొరుకుతాయి. నేనైతే అలాగే చేస్తాను. పైనుంచి కలిపేవన్నీ మొత్తం కేలరీల్లో పదో వంతును మరీ దాటకుండా చూసుకోండి, లేకపోతే డ్రై ఫుడ్‌లో కూర్చిన ఖనిజాలు, విటమిన్ల పాళ్లు చెడతాయి.

అయితే బస్తా కొనకముందు ఒక పని ఉంది, దాన్ని దాటవేయకండి. తిన్నది ఒంటికి పడుతోందా లేదా అన్నది తేల్చుకోవాలి. ఈ వారంలోనే మలం పరీక్ష చేయించండి. మన ప్రాంతంలో కొక్కెపు పురుగులు చాలా మామూలు. పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు తగ్గి తెల్లబారితే ఆలస్యం చేయవద్దు. "నట్టల మందు వేశాం కదా" అంటారు చాలామంది. ఎప్పుడు, ఎన్ని కిలోల బరువుకు వేశారో అడిగితే జవాబు ఉండదు. పిల్లగా ఉన్నప్పటి మోతాదే పెద్దయ్యాక కూడా వేసిన సందర్భాలు చూస్తుంటాను. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి, ఆ రోజు తూచిన బరువుకు లెక్క కట్టి వేయాలి.

రెండోది పిడుదుల జ్వరం. ఎర్లికియా, బెబీసియా అనే సూక్ష్మజీవులు పిడుదుల ద్వారా వస్తాయి. మన వాతావరణంలో పిడుదులు ఏడాది పొడవునా బతుకుతాయి. గట్టి జ్వరం వస్తే ఎవరైనా ఆసుపత్రికి తెస్తారు. ప్రమాదమంతా దీర్ఘకాలం లోపల నక్కి ఉండే రకంతోనే. కుక్క తింటూనే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది, నెలల తరబడి కొంచెం కొంచెంగా చిక్కిపోతుంది. ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారే దాకా ఎవరికీ అనుమానం రాదు. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు తక్కువగా కనిపిస్తే మా అనుమానం ముందు అటే వెళ్తుంది.

మూడోది అరుదు, కానీ కుక్క విపరీతంగా తింటూ చిక్కిపోతుంటే తప్పక గుర్తు చేసుకోవాల్సింది. క్లోమ గ్రంథి జీర్ణరసాలను తగినంతగా తయారు చేయకపోవడం. జర్మన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ. ఒక కుటుంబం తమ షెపర్డ్‌ను తీసుకొచ్చినప్పుడు వాళ్ల చేతిలో తిండి బిల్లుల కట్టే ఉంది. అన్నిటికన్నా ఖరీదైన రకం వరకు వెళ్లారు. కుక్క పొద్దున లేస్తూనే గిన్నె దగ్గర నిలబడేది, తన మలం తానే తినేది. నేను మలం ఎలా ఉంటుందని అడిగాను. పెద్ద పెద్ద కుప్పలుగా, పాలిపోయిన పసుపు రంగులో, జిడ్డుగా, ఇల్లంతా వాసన వచ్చేలా ఉంటుందన్నారు. టీఎల్‌ఐ అనే రక్త పరీక్షతో విషయం తేలింది. ప్రతి పూటా తిండిలో ఎంజైమ్ పొడి కలపడం, బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టాక అదే కుక్క మామూలు రకం తిండితోనే కండ పట్టింది. అందుకే నేను బస్తా గురించి అడగకముందు మలం గురించి అడుగుతాను. మీరు మీ ప్రశ్నలో ఆ విషయం రాయలేదు.

నిజంగా సన్నబడ్డాడా అన్నది కూడా ఒకసారి చేత్తో నిర్ధారించుకోండి. పిడికిలి బిగించి వేళ్ల కణుపుల మీద తడమండి. పక్కటెముకలు అలా తగిలితే కుక్క చిక్కినట్టు. చేయి చాపి వెనుక భాగం తడిమితే తగిలినట్టు, అంటే పల్చని పొర కింద ఎముక తెలుస్తూ ఉంటే బాగున్నట్టు. అరచేతిలా మెత్తగా, ఎముక దొరకకుండా ఉంటే లావు. మేము 9 మెట్ల కొలబద్ద వాడతాం, 4 లేదా 5 మంచి స్థితి. మీరు చెప్పినట్టు తుంటి ఎముకలు కూడా పైకి పొడుచుకొస్తే మీవాడు 3 దగ్గరో ఇంకా కిందో ఉన్నట్టు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, సన్నగా ఉన్న ప్రతి కుక్కా జబ్బు కుక్క కాదు. ముధోల్ హౌండ్‌లను, చిప్పిపారైలను తెచ్చి లావెక్కించమని అడిగేవాళ్లు ఉన్నారు. పరుగు కోసం పుట్టిన జాతులు అవి, వాటికి చివరి రెండు మూడు పక్కటెముకలు కనిపించడమే అందం. మన వీధి జాతి కుక్కలు కూడా సహజంగా సన్నటి నడుముతోనే ఉంటాయి. లాబ్రడార్‌ల విషయంలో ఒక అధ్యయనం మాకు ఎప్పుడూ గుర్తుంటుంది. అమెరికాలో 48 లాబ్రడార్‌లను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. కాబట్టి 28 కిలోల దగ్గర నడుము కనిపిస్తూ, పక్కటెముకలు చేతికి తెలుస్తూ ఉంటే అక్కడే ఆపేయండి. వీధిలో ఎవరో "మా లాబ్ 40 కిలోలు" అన్నారని పోటీ పడవద్దు.

ఆపరేషన్ కాని మగ కుక్క అన్నారు కాబట్టి ఇంకో మాట. చిత్త కార్తె ముందూ వెనుకా వీధిలో ఆడకుక్కలు ఎదకు వచ్చినప్పుడు మగవి తిండి మానేసి, గేటు దగ్గరే అటూ ఇటూ తిరుగుతూ కిలో, రెండు కిలోలు తగ్గడం మామూలే. మీవాడి బరువు ఆ రోజుల్లో పడిపోయి ఉంటే దాన్ని జబ్బు లెక్కలో వేయకండి.

బస్తా ఎంచేటప్పుడు ఇంకా కొన్ని చూడాలి. "లైట్", "సీనియర్", "స్టెరిలైజ్డ్" అని ఉన్నవి వద్దు. అవి బరువు తగ్గించడానికో, పెరగకుండా ఉంచడానికో చేసినవి. "లార్జ్ బ్రీడ్ పప్పీ" అని ఉన్న కొన్నింటిలో కొవ్వు కావాలనే తగ్గిస్తారు, అందువల్ల పేరు నమ్మకుండా అంకె చూడండి. తల్లికుక్కలకు, పాలు మాన్పించే పిల్లలకు చేసే "స్టార్టర్" రకాల్లో కొవ్వు 20 శాతం దాటి ఉండవచ్చు. చాలా చిక్కిన కుక్కకు కొద్ది రోజులు మంచివే గానీ, నీళ్ల విరేచనాలయ్యే కుక్కలు కూడా ఉన్నాయి. మీవాడికి అంత అవసరం కనిపించడం లేదు. పదార్థాల జాబితాలో మొదటి రెండు మూడు పేర్లలో కోడి, చేప, గుడ్డు, లేదా కోడి మాంసపు పొడి ఉండాలి. జాబితా బరువు వరుసలో ఉంటుంది. తాజా కోడిమాంసంలో సుమారు 70 శాతం నీరే కాబట్టి మొదట దాని పేరుండి, తర్వాత వరుసగా మొక్కజొన్న, గోధుమ, బియ్యపు నూక ఉంటే అందులో మాంసం అనుకున్నంత లేదు. ధాన్యం లేనిదే గొప్పదన్న ప్రచారాన్ని పట్టించుకోకండి. బఠానీ, పప్పుల మీద ఆధారపడిన అలాంటి రకాలకూ కుక్కల్లో ఒక రకం గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ విచారణ మొదలుపెట్టింది. అన్నం అరిగించుకునే మన కుక్కకు ఎక్కువ డబ్బు పెట్టి దాన్ని కొనే కారణం నాకు కనిపించదు.

ధర విషయంలో కిలో ధరతో పోల్చవద్దు, వెయ్యి కేలరీల ధరతో పోల్చండి. కిలో 250 రూపాయల రకంలో 3,120 కేలరీలుంటే వెయ్యి కేలరీలకు 80 రూపాయలు. కిలో 400 రకంలో 3,700 ఉంటే 108. కిలో లెక్కలో 60 శాతంగా కనిపించిన తేడా, కేలరీల లెక్కలో 35 శాతమే. అది కూడా భారమైతే చవక రకమే రోజుకు 445 గ్రాములు, పైన రెండు గుడ్లు పెట్టండి. కుక్క బరువు పెరుగుతుంది. డబ్బు లేక పోషణ చేయలేకపోతున్నామని ఎవరూ బాధపడనక్కర్లేదు. మలం కాస్త ఎక్కువ వస్తుంది, అంతే.

విడిగా, తెరిచిన బస్తాలోంచి తూచి ఇచ్చే డ్రై ఫుడ్ మాత్రం కొనవద్దు. కొవ్వు ఎక్కువ ఉన్న తిండి గాలి తగిలితే త్వరగా ముక్కవాసన కొడుతుంది. వానాకాలం తేమకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 2005 చివర్లో అమెరికాలో ఇలాంటి విషం చేరిన తిండి తిని పదుల సంఖ్యలో కుక్కలు చనిపోయాయి. నెల, నెలన్నరలో అయిపోయే బస్తా కొని, దాని సంచిలోనే ఉంచి, ఆ సంచిని మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి.

కొత్త తిండికి ఒక్కరోజులో మారకండి. మొదటి రెండు రోజులు పావు వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు, వారం చివరికి పూర్తిగా. కొవ్వు శాతం పెరుగుతోంది కాబట్టి ఈ నెమ్మది మీవాడికి మరీ అవసరం. త్వరగా పెరగాలని మాంసం కొట్టు నుంచి మటన్ కొవ్వు తెచ్చి కలిపేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. క్లోమం వాచి, వాంతులతో, కడుపునొప్పితో వంగిపోయి వచ్చే కుక్కలను చూస్తుంటే గుండె తరుక్కుపోతుంది. కొన్ని బతకవు. రోజు తిండిని మూడు పూటలుగా పంచండి. లాబ్రడార్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు ఒకేసారి నిండుగా పెట్టి, వెంటనే పరుగెత్తిస్తే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. తిన్నాక గంటైనా పడుకోనివ్వండి. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట తినకపోతే తెల్లవారుజామున, పొద్దుగుంకాక పెట్టండి. గోరువెచ్చని నీళ్లు చల్లితే వాసన పైకి వచ్చి ఇష్టంగా తింటాడు. తడిపినది గిన్నెలో గంటల తరబడి వదిలేయకండి.

గెయినర్ పొడి ఎందుకు వద్దన్నానంటే, లేబుల్ చదివితే చాలావాటిలో ఉండేది చక్కెర, పిండి, కొంత ప్రొటీన్, విటమిన్లు. రోజుకు రెండు చెంచాలు కలిపితే వచ్చే కేలరీలు ఒక గుడ్డుతో వస్తాయి. కాల్షియం సిరప్ కూడా వద్దు, పప్పీ ఫుడ్‌లో అది ఇప్పటికే తగినంత ఉంది. ఆకలి పెంచే మాత్రలు, స్టెరాయిడ్లు డాక్టరు రాయకుండా షాపులో ఇస్తే తీసుకోవద్దు.

ఇది చదివే వేరేవాళ్ల కోసం రెండు హెచ్చరికలు. వీధిలో ఎముకల గూడులా దొరికిన కుక్కకు ఈ లెక్క వర్తించదు. రోజుల తరబడి పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా నిండా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి ప్రాణం పోవచ్చు. దానికి డాక్టరు దగ్గర ఉంచి, చాలా కొద్దిగా మొదలుపెట్టాలి. ఇక ఏడెనిమిదేళ్లు దాటిన కుక్క కొత్తగా చిక్కుతుంటే పప్పీ ఫుడ్ కొనే ముందు మూత్రపిండాలు, చక్కెర, పళ్లు పరీక్ష చేయించండి. మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కకు పప్పీ ఫుడ్‌లోని ఫాస్ఫరస్ చెరుపు చేస్తుంది.

మీవాణ్ణి వారానికోసారి, ఒకే రోజున, పొద్దున్నే తిండి పెట్టకముందు తూచండి. మీరు ఎత్తుకుని మిషను ఎక్కి, తర్వాత మీ బరువు తీసేస్తే చాలు. వారానికి 250 నుంచి 500 గ్రాములు పెరిగితే సరైన దారిలో ఉన్నట్టు. ఆ లెక్కన 28 కిలోలకు రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. రెండు వారాలు గడిచినా కదలకపోతే రోజు తిండిని పదో వంతు పెంచండి. మలం పలుచనైతే పెంచడం ఆపి ముందున్న కొలతకు రండి. పొద్దున, సాయంత్రం నడక మానవద్దు, తిన్న ప్రొటీన్ కండగా మారేది కదిలినప్పుడే. 28 చేరాక నెమ్మదిగా ఎదిగిన కుక్కల రకానికి మార్చండి, అప్పుడు గ్రాముల లెక్క మళ్లీ కొత్తగా వేయాలి.

పూర్తి కొలతతో నాలుగు వారాలు పెట్టినా అర కిలో కూడా పెరగకపోతే తిండి మార్చే ఆలోచన పక్కనపెట్టి టీఎల్‌ఐ, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించండి. ఈలోగా మలం పరీక్ష ఫలితం, మలం రంగు, రోజుకు ఎన్నిసార్లు వెళ్తాడో, ఇప్పుడున్న బస్తా వెనుక అంకెలు, మీవాణ్ణి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీసిన ఫోటోలు ఇక్కడ పెట్టండి. చూసి గ్రాముల లెక్క సరిచేసి చెబుతాను.